వెండి ఆకుల తీగ కొన్నారా? ముందు ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చూడండి!

మాది డోర్నకల్. ఈ ఎపిసోడ్‌లో కుండీ అంచు మీంచి కిందికి జారే వెండి రంగు ఆకుల తీగల గురించి చెప్తా. చాలామంది ఇష్టపడి కొంటారు, కొన్నాళ్లకే ఒకరిది మాడిపోతది, ఇంకొకరిది కుళ్లిపోతది. ఎందుకంటే వెండి ఆకులన్నీ ఒకే రకం కాదు.

ఫోన్ కెమెరా ఆన్ చేసి ఆకును జూమ్ చేయండి. సన్నటి నూగు కనిపిస్తోందా? అది సిల్వర్ ఫాల్స్ లాంటిది. దీని అసలు పేరు డైకాండ్రా. సొంతూరు అమెరికాలోని టెక్సాస్, న్యూమెక్సికో, ఇంకా మెక్సికో ఉత్తర భాగం. అంతా పొడి నేల. ఆ నూగే ఎండను వెనక్కి కొట్టి, ఆకులో నీళ్లు త్వరగా ఆవిరి కాకుండా కాపాడుతది. కాబట్టి దీనికి ఎండ కావాలి, వేర్ల దగ్గర నీళ్లు నిలవొద్దు.

నూగు లేకుండా మెరుస్తోందా? అయితే జీబ్రా తీగో, శాటిన్ పోథోసో అయి ఉంటది. వీటి ఆకు పైపొర కింద సన్నటి గాలి ఖాళీలు ఉంటాయి. వెలుగు అక్కడ తగిలి తిరిగొస్తే మనకు వెండిలా కనిపిస్తది. ఎండను తట్టుకునే నూగు లేదు కదా, అందుకే వీటికి నీడ పట్టున వెలుతురు చాలు.

ఇప్పుడు మన దగ్గర ఏం చేయాలో చూద్దాం. సిల్వర్ ఫాల్స్‌కి నల్లరేగడి వద్దు, నీళ్లు పట్టేసుకుంటది. రెండు పాళ్లు ఎర్ర చెల్క మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు వర్మీ కంపోస్ట్ కలపండి. కుండీ అడుగున రంధ్రాలు తప్పనిసరి. వేలు పెట్టి చూసి, పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి. మన దగ్గర మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతది, కుండీ మట్టి కూడా కాగిపోతది. అప్పుడు పొద్దుటి ఎండ చాలు. వానాకాలంలో మాత్రం కుండీని చూరు కిందికి జరపండి. పెరట్లో నేల మీద పెట్టాలంటే కాస్త ఎత్తు చేసిన మడిలో నాటండి. తీగ నేలకు తగిలిన ప్రతి కణుపు దగ్గరా వేళ్లూనుకుని పాకుతది.

జీబ్రా తీగైతే ఇంకా సులువు. కణుపు కింద కత్తిరించి గ్లాసు నీళ్లలో పెడితే వేళ్లొస్తాయి. ఫ్రెండ్ దగ్గర ఒక కొమ్మ అడిగితే చాలు, కొనే పనే లేదు.

ఒక్క జాగ్రత్త: శాటిన్ పోథోస్ ఆకు నమిలితే నోరు మండుతది. చిన్నపిల్లలకు, కుక్కపిల్లలకు అందకుండా ఎత్తులో వేలాడదీయండి.

మీ దగ్గరున్నది ఏ రకమో జూమ్ చేసి ఫొటో పెట్టండి. ఉంటా మరి!