ఫిరంగి పోయె, ఎరువు వచ్చె

చప్పుడు చేయని ఆయుధంతో నార్వే ప్రొఫెసర్ చేతులు కాల్చుకున్నారు. ఆ మంటే పొలాలకు మేలు చేసింది.

పొగ రాదు, మోత ఉండదు. గుండు లక్ష్యాన్ని తాకిన చప్పుడు తప్ప ఏమీ వినిపించదని ఆహూతులకు భరోసా ఇచ్చి క్రిస్టియాన్ బిర్కెలాండ్ మీట నొక్కారు. 1903లో, నేటి ఓస్లో నగరంలోని విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రదర్శన అది. మరుక్షణం కళ్లు చెదిరే మెరుపు, చెవులు చిల్లులు పడే మోత. షార్ట్ సర్క్యూట్! గుండు గురి తప్పలేదు కానీ కొనేవాళ్లు జారుకున్నారు. ఆ ఒక్క దెబ్బతో తన షేర్ల ధర 300 నుంచి సున్నాకు పడిపోయిందని ఆయనే తర్వాత చమత్కరించారు.

ఆలోచన మాత్రం తేలికైనదే. గొట్టం చుట్టూ వరసగా తీగచుట్టలు అమర్చి, ఒకదాని తర్వాత ఒకదానికి కరెంటు ఇస్తే ప్రతి చుట్టా అయస్కాంతమై ఇనుప గుండును ముందుకు లాగుతుంది. మందుగుండుతో పనిలేదు. చిక్కల్లా సమయంతోనే. గుండు చుట్ట మధ్యకు చేరేసరికి కరెంటు ఆగిపోవాలి. లేదంటే ముందుకు లాగిన అయస్కాంతమే వెనక్కి గుంజుతుంది. అంత కరెంటును క్షణంలో తెంచబోతే మెరుపు పుడుతుంది. 1901లో పేటెంటుకెక్కిన ఈ ఫిరంగి తొలి నమూనా అరకిలో గుండును సెకనుకు 50 మీటర్ల వేగంతో విసిరింది.

నిజానికి బిర్కెలాండ్‌కు యుద్ధాల మీద మోజు లేదు. ఉత్తర ధ్రువం చేరువ ఆకాశంలో నాట్యమాడే ధ్రువకాంతుల గుట్టు విప్పడం ఆయన ధ్యేయం. అందుకు డబ్బు కావాలి. ఫిరంగి అందుకే.

ప్రదర్శన జరిగిన కొద్ది రోజులకే పారిశ్రామికవేత్త సామ్ ఐడె ఆయనకు తారసపడ్డారు. ఎరువు తయారీకి ఐడె వెతుకుతున్నది భారీ మెరుపునే. అప్పట్లో యూరప్ పొలాలు చిలీ ఎడారి నుంచి ఓడల్లో వచ్చే నైట్రేటు మీద ఆధారపడేవి. బిర్కెలాండ్ విద్యుత్ మంటను అయస్కాంతంతో పళ్లెంలా పరిచి అందులోంచి గాలిని పంపారు. గాలిలోని నైట్రోజన్ ఆక్సిజన్‌తో కలిసింది. దాన్నుంచి నైట్రిక్ ఆమ్లం, సున్నపురాయి తోడై కాల్షియం నైట్రేటు ఎరువు తయారయ్యాయి. 1905లో నోర్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది. కరెంటును విపరీతంగా మింగే ఈ పద్ధతిని తర్వాత జర్మనీ నుంచి వచ్చిన చౌకైన హేబర్-బాష్ విధానం పక్కకు నెట్టింది.

అయస్కాంతాల తోపుడు శక్తి మాత్రం వృథా కాలేదు. అమెరికా యుద్ధనౌక జెరాల్డ్ ఫోర్డ్ నుంచి విమానాలను పైకి విసిరేది విద్యుదయస్కాంతాలే. బిర్కెలాండ్ 1917లో టోక్యోలో కన్నుమూశారు. 1994లో నార్వే 200 క్రోనర్ల నోటుపై ఆయన బొమ్మ వేసింది. తోడుగా ముద్రించింది ధ్రువకాంతులను. ఫిరంగి అమ్మాలనుకున్నది వాటికోసమే కదా!