కాలు నిలుస్తుందా? ఆపరేషను బల్లమీద ఒక కొలత



గాజులరామారంలో ఇండ్లు దర్శించునప్పుడు మేము తరచుగా చూసే దృశ్యము ఒకటుంది. గుడ్డ చుట్టిన పాదము, నెలలు గడిచినా మానని పుండు, "ముల్లు గుచ్చుకున్నది, అదే తగ్గుతది" అనే మాట. జీడిమెట్ల ఫ్యాక్టరీలలో యేండ్ల తరబడి నిలబడి పనిచేసినవారి ఇండ్లలో ఈ మాట ఎక్కువగా విన్నాము.

మా సంఘ పెద్ద ఒకరి విషయములో అది ముల్లు కాదు. పాతికేండ్ల బీడీ, పదేండ్ల షుగరు. మొదట కొంత దూరము నడవగానే పిక్క పట్టేసేది, ఆగితే తగ్గేది. తరువాత రాత్రులు పాదము నొప్పికి ఓర్వలేక, కాలు మంచము కిందికి వేలాడదీసి కూర్చునేవారు. తొడలోని రక్తనాళము మూసుకుపోయిందని, బైపాస్ చేయకపోతే కాలు దక్కదని డాక్టర్లు చెప్పారు. ఆపరేషనుకు ముందు రాత్రి ఆయన మమ్మును అడిగారు: "అయ్యగారూ, కోసినంక కాలు ఉంటదా? ముందుగాల ఎవరన్న చెప్పగలరా?"

మా దగ్గర జవాబు లేదు. తరువాత సర్జనుగారిని అడిగి తెలుసుకున్న సంగతులు మీ ముందుంచుతున్నాము.

దారి మళ్లించుట

మూసుకుపోయిన చోటును వదిలి, పైనుండి కిందికి రక్తమునకు కొత్త దారి వేయుటే బైపాస్. 1948లో పారిస్‌లో కున్లిన్ అనే సర్జను రోగి కాలిలోని సిరనే తీసి ఇట్టి దారి వేశారు. సిరలలో రక్తమును గుండె వైపుకే పోనిచ్చే కవాటములుంటాయి గనుక, సిరను తలక్రిందులుగా అమర్చుతారు, లేదా కవాటములను కత్తిరిస్తారు. మంచి సిర లేనివారికి కృత్రిమ గొట్టము వాడుతారు.

సొంత సిర ఎంత విలువైనదో 2022లో వెలువడిన బెస్ట్-సిఎల్ఐ అనే పరిశోధన చూపింది. అందులో 1,830 మంది రోగులున్నారు. మంచి సిర ఉన్నవారిలో కాలు తీసివేయుట, మళ్లీ పెద్ద చికిత్స చేయవలసి వచ్చుట, మరణము, ఈ మూడు కలిపి చూస్తే, బెలూను స్టెంటు వంటి చికిత్స పొందినవారికన్నా ముందుగా బైపాస్ చేయించుకొన్నవారికి మేలు జరిగింది.

కొలత ఎట్లు?

కుట్లు వేయుట ముగిసిన తరువాత, గాయము మూయకముందు, కొత్త నాళము చుట్టూ ఒక చిన్న పరికరమును తగిలిస్తారు. అది చెవికి వినబడని ధ్వని తరంగములను రక్తము పారే దిక్కునకు ఒకసారి, ఎదురు దిక్కునకు ఒకసారి పంపుతుంది. ప్రవాహముతో వెళ్లినది త్వరగా చేరుతుంది, ఎదురీదినది కొంచెము ఆలస్యమవుతుంది. ఆ తేడానుబట్టి నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్ల రక్తము పారుతున్నదో యంత్రము లెక్కగడుతుంది.

నల్లా నీళ్లు సన్నగా వస్తే మనమేమి చేస్తాము? పైపు మెలిపడిందా, అతుకు దగ్గర చెత్త అడ్డుపడిందా, పై నుండే నీరు తక్కువగా వస్తున్నదా అని చూస్తాము. సర్జను కూడా అదే చేస్తారు. సిర మెలితిరిగిందా? కుట్టు ఇరుకైందా? గడ్డ కట్టిందా? కవాటము మిగిలిపోయిందా? ఇవన్నీ సరిగా ఉంటే, పాదములోని చిన్న నాళములే పాడై రక్తమును తీసుకోలేకపోతున్నాయేమో చూడాలి. ఇందుకు నాళములను సడలించే పాపావెరిన్ అనే మందు ఎక్కించి మళ్లీ కొలుస్తారు. ప్రవాహము బాగా పెరిగితే కింద దారి తెరచి ఉన్నదని అర్థము. పెరగకపోతే కొత్త నాళము త్వరలో మూసుకుపోవచ్చని హెచ్చరిక.

మా పెద్దగారికి మొదటి కొలత తక్కువగా వచ్చింది. మోకాలి దగ్గర సిర మెలితిరిగి ఉంది. దానిని విప్పి మళ్లీ కుట్టగా ప్రవాహము పెరిగింది. ఆ కొలత లేకుండా గాయము మూసి ఉంటే, అదే రాత్రి తిరిగి బల్లమీదికి పోవలసి వచ్చేదేమో. ఒక వేలు పోయింది గాని కాలు నిలిచింది.

అంకె చెప్పనిది

అయితే, ఇంత ఉంటే కాలు దక్కును, ఇంతకు తగ్గితే పోవును అని అందరికీ సరిపడే ఒక గీత లేదు. ఆ సమయమున రక్తపోటు ఎంత, నాళము సొంత సిరా గొట్టమా, ఎక్కడికి కలిపారు అన్నదానిపై అంకె మారుతుంది. మొదటి ఒకటి రెండు సంవత్సరములలో సిర లోపలి పొర మందమై దారి ఇరుకగుట కూడా సాధారణమే. ఆ సంగతిని బల్లమీది కొలత ముందుగా చెప్పలేదు. గనుక చెప్పిన తేదీకి పరీక్షకు వెళ్లాలి, మందులు మానకూడదు, బీడీ ముట్టకూడదు. మా పెద్దగారు అగ్గిపెట్టెను కూడా ఇంటి నుండి తీసివేయించారు.

కాలు ఇంకా బాగున్నవారు ఆగవద్దు. చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చే సులువైన పరీక్ష ఉంది. ఆ నిష్పత్తి 0.9, లేదా అంతకన్న తక్కువైతే నాళములో అడ్డు ఉన్నదని అనుమానించాలి. షుగరు ఉన్నవారిలో నాళములు గట్టిపడి అంకె ఎక్కువగా కనబడవచ్చును గనుక, మిగతా పరీక్షలు డాక్టరే నిర్ణయించాలి. పంజాగుట్టలోని నిమ్స్‌లో రక్తనాళముల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగమున్నది.

ఒకరి పాదములు ఒకరు కడుగుట మన సంఘములకు కొత్త కాదు. ఈ రాత్రి మీ ఇంటి పెద్దల పాదములు ఒక్కసారి చేతితో పట్టి చూడండి. ఒక పాదము చల్లగా ఉన్నా, రంగు మారినా, పుండు మానకపోయినా, రేపే ఆస్పత్రికి తీసుకొని వెళ్లండి.