ఏనుగు కడుపులో మరో అడవి

చిత్తూరు జిల్లా కౌండిన్య అడవి. పొద్దు వాలుతున్న వేళ. ఎండకు ఎర్రబారిన కొండవాలు మీద, లేత పసుపు తిరిగిన వెదురుపొదలను చీల్చుకుంటూ, నల్లని బండరాయికి నడక వచ్చినట్టుగా ఓ ఆడ ఏనుగు బయటికి వస్తుంది. 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు వెతుక్కుంటూ వచ్చిన మేత ఇదే. తొండం కొస మెత్తగా సాగి ఓ గడ్డిదుబ్బును చుట్టుకుంటుంది. ముంగాలితో ఒక్క తన్ను. దుబ్బు వేళ్ళతో సహా ఊడి వస్తుంది. దాన్ని వెంటనే నోట పెట్టుకోదు. కాలికేసి కొట్టి, మన్ను రాలేదాకా దులిపి, అప్పుడు అందుకుంటుంది. నీరెండలో ఆ ఎర్రటి దుమ్ము కాసేపు గాలిలోనే తేలుతూ ఉంటుంది.

పచ్చిగడ్డి, వెదురు మండలు, చేదు బెరడు, ముళ్ళకొమ్మలు. రోజులో 16 గంటలు మేస్తూ, సుమారు 150 కిలోలు. ఇంతటి శరీరాన్ని నిలబెట్టేది ఇంతటి పేదమేత! ఆకు పట్టుకున్న ఎండే చక్కెరై, ఆ చక్కెరే గొలుసులుగా పేనుకుని గట్టి పీచుగా మారుతుంది. ఆ గొలుసు తెంపే శక్తి ఏ ఏనుగుకూ లేదు. ఆవుకున్నట్టు నాలుగు అరల పొట్టా లేదు, తీరిగ్గా నెమరు వేసుకునే భాగ్యమూ లేదు. ఉన్నది ఒక్కటే పొట్ట.

అసలు వింత ఆ పొట్టను దాటాక, పెద్దపేగులో ఉంది. వెలుగు చొరని, ప్రాణవాయువు సోకని ఆ వెచ్చని చీకట్లో కంటికి కనిపించని జీవాలు కోటానుకోట్లు. పీచును పట్టి, పులియబెట్టి, చిన్న చిన్న ఆమ్లాలుగా విడగొడతాయి. ఆ ఆమ్లాలు పేగుగోడల్లోంచి రక్తంలోకి ఇంకి, ఆ కొండంత ఒంటికి బలమవుతాయి. మేత ఆగేది ఒకటి రెండు రోజులే. సగానికి పైగా అరగకుండానే వెళ్ళిపోతుంది. లోపమని మనకు అనిపించవచ్చు గానీ, అడవికి అదే వరం. ఆవిర్లు చిమ్మే పచ్చటి లద్దె మీద రంగురంగుల సీతాకోకచిలుకలు వాలి, రెక్కలు ముడుచుకుని ఉప్పూ తేమా పీలుస్తాయి. నున్నని పేడపురుగులు అందులోకి తవ్వుకుంటూ పోతాయి. ఏనుగు ఎక్కడో మింగిన వెలగపండు గింజలు ఇంకెక్కడో తడిమన్ను చూస్తాయి.

తల్లి కాళ్ళ మధ్య, నుదుటి మీద రాగిరంగు నూగుతో, తొండాన్ని ఏం చేసుకోవాలో ఇంకా తెలియని గున్న. పీచు అరిగించే ఆ జీవాలు పుట్టుకతో దానికి రావు. అందుకే కొన్ని వారాల వయసులో తల్లి లద్దె దగ్గర ఆగి, తడుముతూ ఇంత తీసి నోట్లో పెట్టుకుంటుంది. అసహ్యపడాల్సిందేమీ లేదు అందులో. తల్లి పాలంత అవసరమైన తిండి అది. ఆ ముద్దతో వచ్చిన జీవాలు పేగుల్లో కాపురం పెడతాయి. అవి నిలదొక్కుకునేకొద్దీ, చనుబాలు తాగే ఆ గులాబీ నోరు మెల్లగా వెదురాకు కూడా నమలడం మొదలుపెడుతుంది.