అక్కయ్య డబ్బాలో పంది రూపాయి

"ఏమోయ్, వెండి ధర మండిపోతోంది. మా అమ్మ దాచిన రూపాయలన్నీ కరిగించి మనమరాలికి పట్టీలు చేయిద్దామనుకుంటున్నాం. నీకు పాత నాణాల పిచ్చి గదా, కరిగించేలోగా ఓసారి వచ్చి చూసిపో!" అని వరంగల్లునుంచి బావగారు ఫోను చేశారు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. నాణాలు కరిగిస్తారంటే ముందు నా గుండె కరిగిపోతుంది.

అక్కయ్య పాత బిస్కట్ల డబ్బా తెచ్చి చాపమీద బోర్లించింది. అరవై మూడు రూపాయలు తేలాయి. మేనల్లుడు మాత్రం అప్పటికే గుప్పిట్లో ఒకటి పట్టుకు కూర్చున్నాడు.

"మామయ్యా, ఇది 1939 రూపాయి! లక్షలొస్తాయట!" అన్నాడు.

వాడు విన్నది వుత్తమాట కాదు. ఆరో జార్జి బొమ్మతో వున్న 1939 రూపాయి నిజంగానే బహు అరుదు. ఆ యేడు యుద్ధం వచ్చింది. 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండిని పన్నెండింట పదకొండు పాళ్ళనుంచి సగానికి దింపేసింది. పాత పాళ్ళతో కొట్టిన 1939 రూపాయలు జనం చేతుల్లో మిగిలినవి చాలా తక్కువ. అయితే వస్తువు అరుదైతే దానికి దొంగకవల పుట్టకుండా వుంటుందా?

ముందు అంచు చూశాను. 1940లో వచ్చిన కొత్తరకం రూపాయలకు దొంగనాణాల బెడద తప్పించడానికి అంచుమీది గీతల నడుమ చుట్టూతా సన్నని గాడి పెట్టారు. 1939 అని వుండి అంచున గాడి కనిపిస్తే అది తర్వాతి రూపాయికి అంకె మార్చినదన్నమాట. మావాడి రూపాయికి గాడి లేదు. అయినా నేను తొందరపడలేదు. 1938 రూపాయికీ గాడి వుండదు గదా! కిటికీ దగ్గరకు వెళ్ళి భూతద్దం పెట్టాను. చివరి తొమ్మిది పక్కన నేల గీకినట్టుంది. ఎనిమిదిలోని కింది సున్నాకు ఎడమవైపు చెక్కేసి, తొమ్మిది చేశారు.

"ఇది డబ్బాలోది కాదు, ఔనా?" అన్నాను.

వాడు తలవంచుకున్నాడు. పోయిన నెల ఎవరో బేరగాడికి మూడువేలు పోసి కొన్నాడట. బావగారు వాడివంక చూసిన చూపు నేను వర్ణించను.

"పాతదైతే విలువ వస్తుందనుకున్నాను" అన్నాడు పాపం. చాలామంది అలాగే అనుకుంటారు. నాణెం విలువ దాని వయస్సులో లేదు. ఆ రకం ఎన్ని మిగిలాయి, ఎంత నలగకుండా మిగిలాయి అన్నదాంట్లో వుంది. ఆ రకాన్ని పట్టిచ్చేది ఒక్కొక్కసారి ఆవగింజంత గుర్తు.

విక్టోరియా రూపాయల్లో 1862వి పదహారు వున్నాయి. "అన్నీ ఒకటే గదరా!" అంది అక్కయ్య. కావు. 1862 తర్వాత 1874 వరకూ ఏ యేడు కొట్టినా ఆ రూపాయిమీద 1862 అనే వేశారు. బొంబాయి టంకశాలవారు మాత్రం సంవత్సరం దగ్గర సన్నని చుక్కలు పెట్టి, అసలు యేడు గుర్తుంచుకున్నారు. అంచేత చుక్కలు లెక్కపెట్టాలి. కొన్ని లెక్కలు విరివిగా దొరుకుతాయి, కొన్ని దొరకవు. 1840 రూపాయల్లోనూ అంతే. రాణిపేరు తలమీదుగా ఏకంగా సాగితే ఒక రకం, తలకు అటూ ఇటూ విడిపోతే మరొకటి.

వరంగల్లు ఇల్లాయె, చార్మినారు బొమ్మ హాలీ సిక్కాలూ వున్నాయి. చార్మినారు వాకిట్లో ఒక చిన్న అక్షరం వుంటుంది. అది 'మీమ్' అయితే ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ కాలానిది. 'ఐన్' అయితే ఉస్మాన్ అలీఖాన్‌ది. ఆయన గద్దెనెక్కిన 1911 ప్రాంతపు నాణాల్లో ఆ ఐన్ సగమే కనిపించే రకం ఒకటుంది. తర్వాతివాటిలో అక్షరం నిండుగా వుంటుంది.

టంకశాల చేసిన తప్పులది మరో కథ. నా సంచీలోని నయాపైస తీసి మేనల్లుడికి చూపించాను. ఒకవైపు సింహాలు వుబ్బెత్తుగా వున్నాయి. రెండోవైపు అవే సింహాలు అద్దంలోలాగా తిరగబడి లోపలికి దిగి వున్నాయి. ముందు కొట్టిన నాణెం అచ్చుకే అంటుకుపోతే, తర్వాతి బిళ్ళమీద అచ్చుకు బదులు ఆ నాణెమే ముద్రపడుతుంది. దీనికీ దొంగలున్నారు. రెండు నాణాలు కలిపి గట్టిగా నొక్కేస్తారు. అలా చేస్తే దిగిన బొమ్మ అడుగున అసలు బొమ్మ నలిగి కనిపిస్తుంది. అసలైనదాంట్లో ఆ జాడ వుండదు.

ఇంతలో అక్కయ్య చింతపండు నానేసి తెచ్చింది, తళతళలాడేట్టు తోముదామని! గిన్నె లాక్కున్నంత పని చేశాను. చిన్నప్పుడు నేనూ అలాగే ఒక మంచి అర్ధరూపాయిని చింతపండుతో తోమి మురిసిపోయాను. తర్వాత చూసిన పెద్దాయన "దీని వయస్సంతా కడిగేశావు నాయనా" అన్నాడు. నల్లబడ్డ నాణాన్ని నల్లగానే వుండనివ్వాలి. వేళ్ళతో అంచునే పట్టుకోవాలి.

చివర ఒక చిన్న గుడ్డముడి మిగిలింది. అక్కయ్య విప్పింది. ఐదో జార్జి, 1911.

నాకు కాసేపు మాట రాలేదు. ఆ యేటి రూపాయిమీద రాజుగారి దుస్తులమీద చిన్న ఏనుగు వుంటుంది. చెక్కినవాడు తొండం పొట్టిగా చెక్కాడు. జనానికది పందిలా కనిపించింది. ముస్లిములు మండిపడ్డారు. ప్రభుత్వం 1912 రూపాయిలో తొండం సరిదిద్ది, పాతవి కరిగించేసింది. అలా 'పంది రూపాయి' అరుదైపోయింది. ఇంత నలగనిదానికోసం నేను ఇరవయ్యేళ్ళుగా వెతుకుతున్నాను.

"నీకు నచ్చినట్టుంది, తీసుకోరా! తులానికి తులం వెండి ఇయ్యి, చాలు" అంది అక్కయ్య.

రూపాయి బరువు సరిగ్గా తులం. బేరం న్యాయంగానే వినిపిస్తుంది. బావగారు తలూపారు. వాళ్ళెవరికీ తెలియదు, నాకొక్కడికే తెలుసు. చెప్పొద్దూ, ఒక నిమిషంపాటు నోరు మెదపలేదు. అప్పుడు మేనల్లుడి మొహం కనిపించింది. వాడి మూడువేలు తిన్నవాడికీ నాకూ అప్పుడు తేడా ఏముంటుంది?

"ఇది వెండి ధరకు ఇచ్చేది కాదు అక్కయ్యా" అని అంతా చెప్పేశాను.

అక్కయ్య ఆ రూపాయిని మళ్ళీ గుడ్డలోనే ముడివేసింది. "మా అత్తగారు దీన్నెప్పుడూ విడిగానే కట్టేవారు. ఎందుకో నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు" అంది.

బాగా అరిగినవి నలభై పట్టీలకు వెళ్ళాయి. తక్కినవి ఒక్కొక్కటీ కాగితంలో చుట్టి పేరు రాసి వచ్చాను. మేనల్లుడికి నా భూతద్దం ఇచ్చాను. ఇంకోమాట కూడా చెప్పాను. పాత నాణానికి లక్షలిస్తామని, ముందు రుసుము కట్టమని ఎవరైనా అంటే నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. కొనేవాడు డబ్బిస్తాడు గాని, అడగడు గదా!

మీ ఇంట్లోనూ అటువంటి డబ్బా వుండే వుంటుంది. కంసాలి దగ్గరకు వెళ్ళేముందు కిటికీ దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూడండి. చింతపండు మాత్రం చారుకే వుంచండి.