పాత గడ్డికోత యంత్రము – దాని కార్బ్యురేటరు

మన క్రీడాస్థలమునందలి గడ్డికోత యంత్రము ముసలిది. నిరుడు వానలు వెలిసి గడ్డి మోకాలిబంటి పెరిగిన తరుణమున అది ఉలుకక పలుకక యుండెను. త్రాడు లాగి లాగి పిల్లల చేతులు బొబ్బలెక్కినవి. ఇక దానిని పాతయినుము క్రింద తూచి అమ్మివేయుట మేలని పలువురు తలచిరి. క్రొత్తది కొనుటకు సొమ్ము లేదు. తుదకు విప్పి చూడగా దోషమంతయు సూదిమొన పట్టునంతటి రంధ్రములో నున్నది!

గడ్డికోత యంత్రమునకు ఇంగ్లండు దేశీయుడగు ఎడ్విన్ బడ్డింగు 1830వ సంవత్సరమున పేటెంటు పొందెను. అది చేతితో త్రోయునది. పెట్రోలుతో నడచునవి తరువాత వచ్చినవి. వీనికి కార్బ్యురేటరే ఊపిరితిత్తి. పెట్రోలు ఆవిరియై గాలితో కలసినప్పుడే ఇంజనులో మండును. తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 15 పాళ్ల గాలి కావలయును. గాలి ఇరుకైన కంఠముగుండ పోవునప్పుడు దాని వేగము హెచ్చి ఒత్తిడి తగ్గును. అందుచేత క్రింది గిన్నెలోని పెట్రోలు జెట్టు అను సన్నని రంధ్రము ద్వారా పైకెగసి తుంపరలగును. గిన్నెలో తేలు బుడ్డి యొకటి కలదు. మట్టము పెరిగినకొలది అది లేచి, సూదితో పెట్రోలు వచ్చు దారిని మూయును. నీళ్లతొట్టిలోని బంతికొళాయి చేయు పని యిదియే.

ఇంజను కదలనప్పుడు మొదట ప్లగ్గును విప్పి చూడవలెను. పొడిగా నున్నచో పెట్రోలు అందుట లేదు. ప్లగ్గు రంధ్రమున చెంచాలో నాల్గవవంతు పెట్రోలు పోసి, మరల బిగించి త్రాడు లాగుడు. నాలుగైదు సార్లు దగ్గి ఆగినచో, నిప్పురవ్వ బాగుగానే యున్నదనియు లోపము కార్బ్యురేటరు వైపుననే యున్నదనియు తేలును. చోకు వేసియుంచిన నడచుచు, తీసినంతనే ఆగునేని, లేక వేగము హెచ్చుచు తగ్గుచు ఉయ్యాలలూగునేని, జెట్టు పూడినదనియో, గాస్కెట్టు చినిగి దొంగగాలి చొరబడుచున్నదనియో గ్రహింపవలెను. నల్లని పొగ వచ్చి, ప్లగ్గు తడిసి, గిన్నెనుండి పెట్రోలు కారుచున్నయెడల దోషము తద్విరుద్ధము: సూది అరిగియుండును, లేక బుడ్డికి చిల్లి పడియుండును. గాలి వడపోత దుమ్ముతో మూసికొనినను పొగ వచ్చును.

ఇట్టి వేళ చేతికి తొలుత తోచునది పైనున్న మరలను ఇటునటు త్రిప్పుట. మేమును అదియే చేసితిమి. దోషము పోలేదు సరికదా, సరిగా నున్న మర కూడ చెడినది.

విప్పుటకు ముందు ప్లగ్గు తీగను ఊడదీయుట మరువరాదు. చేయి తగిలి కత్తి తిరిగినచో ఇంజను రగులుకొని వ్రేళ్లు తెగవచ్చును. ఇంజను చల్లారిన పిదప, ఆరుబయట, నిప్పునకు దూరముగా, పెట్రోలు కొళాయి మూసి గిన్నె దింపవలెను. కొన్ని యంత్రములలో గిన్నెను పట్టియుంచు బోల్టే జెట్టు. దాని రంధ్రము సులభముగా కంటబడదు. వెలుతురునకెదురుగా పట్టి చూచిన కనబడును. ఉక్కుసూదితో పొడిచినచో రంధ్రము పెద్దదగును. కరెంటుతీగలోని సన్నని రాగిపోగు చాలును. బుడ్డిని చెవియొద్ద ఊపి చూడుడు. లోపల చప్పుడైన చిల్లి పడినట్లే.

మా జెట్టులో పచ్చని జిగురు గట్టిపడియుండెను. నిలువయుంచిన పెట్రోలులో తేలికయగు భాగము ఆవిరైపోగా మిగులునది యిదియే. నేడు మన దేశమున అమ్ము పెట్రోలులో ఇథనాలు కూడ కలదు. అది తేమను పీల్చి గిన్నె అడుగున నీరు చేర్చును, పాత రబ్బరును ఉబ్బజేయును. కావున వేసవి సెలవులకు ముందు కొళాయి మూసి, ఇంజను తనంతట ఆగువరకు నడిపి, గిన్నెలో మిగిలిన చుక్కలను వంచివేసితిమి. జూనులో క్రొత్త పెట్రోలు పోయగా రెండవ లాగునకే యంత్రము మ్రోగెను.