బ్రేక్ ఆయిల్‌కు నీటి గండం

వైశాలిలో మా సహోద్యోగులు కొందరు శక్తిమంతమైన ఇంజన్ గల కార్లు కొన్నారు. పందెపు ప్యాడ్లు వేయించవచ్చునా అని మమ్మల్ని అడుగుతున్నారు. ముందుగా బ్రేక్ ఆయిల్ సంగతి చూడండని మా మనవి.

గత వేసవిలో మేము సకుటుంబంగా ముస్సోరీ నుండి డెహ్రాడూన్‌కు దిగుతుండగా ఒక మలుపులో బ్రేక్ పెడల్ మెత్తబడి అడుగుకంటా దిగిపోయింది. వెనుక సీటులో పిల్లలు నిద్రిస్తున్నారు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ మెల్లగా లాగి, కొండవైపు అంచున ఎలాగో నిలిపాము. అరగంట చల్లారాక పెడల్ మళ్ళీ గట్టిపడింది. ప్యాడ్లు క్రొత్తవే, ఆయిల్ నాలుగేళ్ళ నాటిది!

ఈ ఆయిల్ గాలిలోని తేమను క్రమంగా పీల్చుకుంటుంది. డాట్ 4 రకం క్రొత్తదిగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు దిగవచ్చు. మరిగి పుట్టిన ఆవిరి నొక్కుకుపోతుందే గాని ఒత్తిడిని చక్రానికి చేర్చదు. డాట్ 5.1కు ఈ హద్దులు 260, 180. అయితే ఖరీదైన రకం కొని మరచిపోవడం కన్న డాట్ 4నే సకాలంలో మార్చడం మేలని మా అభిప్రాయం. డాట్ 5 మాత్రం సిలికాన్‌తో చేసినది. పేరు చూసి పొరబడి వీటితో కలపరాదు.

పందెపు ప్యాడ్లు బాగా వేడెక్కితే గాని పట్టవు. 2011 నుండి 2013 వరకు ఫార్ములా వన్ పందేలు జరిగిన గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో, కిలోమీటరుకు మించిన తిన్నని దారి చివర ఆ వేడి సహజంగానే పుడుతుంది. జనవరి మంచులో వైశాలి మెట్రో స్టేషన్ ముందు రిక్షా అడ్డం వస్తే, ప్యాడ్లు వేడెక్కేదాకా అది ఆగుతుందా?

మేము మామూలు ప్యాడ్లనే ఉంచుకున్నాము. ఆయిల్ మార్చిన తేదీని చీటీపై వ్రాసి బానెట్ లోపల అంటించాము. రెండేళ్ళకు మళ్ళీ మార్పు.