వార్తల్లో పదం: యూఏ 13+

పలాస–కాశీబుగ్గలో కొత్త సినిమా పోస్టరు పడగానే అందరి కళ్లూ హీరో మీదికే పోతాయి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు మాత్రం ‘యూఏ’ అనే సెన్సార్ సర్టిఫికెట్ గుర్తు పక్కనున్న అంకె వెతకాలి. ఇదివరకు యూఏ అంటే పన్నెండేళ్లలోపు పిల్లలకు పెద్దల తోడు అవసరమని. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, 2024 నిబంధనలతో యూఏని 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. మంచి పనే. రెండో తరగతి పాపకీ పదో తరగతి కుర్రాడికీ ఒకే కొలత ఎలా సరిపోతుంది?

‘ఏ’ సినిమాకి పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను అమ్మానాన్నలు వెంట ఉన్నా హాల్లోకి రానివ్వకూడదు. యూఏ అంకె అలా కాదు, అది తల్లిదండ్రులకిచ్చే సూచన. గేటు దగ్గర ఆపరు, నిర్ణయం మనదే.

కరుణ కుమార్ తీసిన ‘పలాస 1978’ ఈ అంకెలు రాకముందు, 2020లో వచ్చింది. మన ఊరి కథ, కులవివక్షను నిలదీసిన కథ. నెత్తురూ గట్టిగానే పారింది. అలాంటి సినిమా చూసే పిల్లలకు ఆ కోపం ఎక్కడిదో పక్కన కూర్చుని చెప్పే పెద్దమనిషి కావాలి. ఆ పని ఏ సర్టిఫికెట్టూ చెయ్యదు.